చీమ చచ్చింది

ఆ పిల్ల తలకిందులుగా పడి, లేవలేక, కళ్ళు తెరుచుకుని పడుకుంటే నవ్వింది మీరే. శివరామయ్య గారూ, మీరు క్లబ్బు ప్రెసిడెంటు. గోడౌను మీది, బ్యానరు మీద బొమ్మ మీది, లావు పరుపు వచ్చే ఏడు చూద్దాంలే అన్న మాట మీది. వినయ్ కుమార్, నువ్వు కోచ్‌వి. అంతమంది పిల్లల్ని ఒక్కడివే పట్టుకోలేవని నీకు తెలుసు. తెలిసే రోజూ తలుపు తీశావు. మోహనకృష్ణా, నువ్వు తండ్రివి. డాక్టరు చెప్పిన మాటలో సగమే విన్నావు, నీకు పనికొచ్చే సగం. గోడవారన కుర్చీలేసుకుని చప్పట్లు కొట్టిన తల్లులారా, మీరూ తప్పించుకోలేరు. మీలో కావేరి కూడా ఉంది. ఈ కథ ఆమెదే. ఆమెను వెనకేసుకు రావడానికి రాయలేదు దీన్ని.

గురువారం పొద్దున కావేరి కూతురికి జడలు వేస్తోంది. హాసిని ఐదో తరగతి. స్కూలు బస్సు వీధి మలుపులో హారన్ కొట్టేలోగా రెండు జడలూ అయిపోవాలి. కుడి జడ అయింది. ఎడమ జడ పాయలు అల్లుతూ, ఎప్పటిలాగే రిబ్బను కొస పిల్ల చేతికందించింది.

"పట్టుకో."

హాసిని ఎడమచెయ్యి భుజం మీదుగా వెనక్కి ఇచ్చి పట్టుకుంది. కావేరి జడ చివరిదాకా బిగించి రిబ్బను కోసం చూస్తే అది నేల మీద ఉంది.

"పట్టుకోమన్నాగా."

"పట్టుకున్నాగా."

"ఏదీ?"

"ఇదిగో."

వేళ్ళు మడిచే ఉన్నాయి. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఏమీ లేదు. పిల్ల గోడవైపు చూస్తూ కాళ్ళు ఊపుతోంది. దాని మటుకు అది రిబ్బను పట్టుకునే ఉంది.

కావేరి రిబ్బను తీసి మళ్ళీ ఇచ్చింది. మళ్ళీ జారింది. హాసిని తల తిప్పలేదు. కావేరి జడపిన్ను తీసుకుని, ఎందుకు తీసుకుందో తనకే తెలియకుండా, ఆ అరచేతిలో మెల్లగా గీసింది. తెల్లటి గీత పడింది.

"ఏం చేస్తున్నానే?"

"జడ వేస్తున్నావు."

"చెయ్యి ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"ఎలా?"

"మొద్దుగా."

హాసిని అప్పుడు ఇటు తిరిగింది. మెడ తిప్పలేదు, భుజాలతో సహా మొత్తం మనిషి తిరిగింది. "తిమ్మిరమ్మా. ఊపితే పోద్ది."

"క్లబ్బులో పడ్డావా?"

"చీమ చచ్చింది," అని నవ్వింది.

మన ఇళ్ళల్లో ఈ మాట వినని పిల్ల ఉండదు. బుడిబుడి అడుగులేసే పసిది దబ్బున పడుతుంది. ఏడుపుకి నోరు తెరుస్తుంది. 'అయ్యో, చీమ చచ్చిపోయింది చూడూ' అంటాం. పసిది చచ్చిన చీమ కోసం నేలంతా వెతుకుతుంది. ఏడవడం మర్చిపోతుంది. దెబ్బ ఎక్కడ తగిలిందో మనమూ చూడటం మర్చిపోతాం. కావేరి కూడా నవ్వబోయింది. నవ్వు రాలేదు. బయట బస్సు హారన్ కొట్టింది. హాసిని కుడిచేత్తో సంచీ తగిలించుకుని మెట్లు దిగింది. ఎడమచెయ్యి పక్కన, ఎవరిదో అన్నట్టు, ఊగుతూ వెళ్ళింది.

*

జిమ్నాస్టిక్స్ క్లబ్బు చేబ్రోలు రోడ్డులో ఉంది. శివరామయ్య ధాన్యం గోడౌను. బస్తాలు తీసేసినా తవుడు వాసన పోలేదు. మధ్యలో రెండు కమ్ములు, ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది, ఇనపతాళ్ళతో నాలుగు మూలలకీ లాగి కట్టి ఉంటాయి. అవతల మోకాలెత్తున, పిల్లలు పైన నడవడానికి, సన్నటి బీమ్. కింద పరిచిన పరుపులు నలిగి నలిగి అట్టల్లా అయిపోయాయి. ఒకదానికి చిరుగు పడితే టేపు అంటించారు. పిల్లలు పడీ పడీ టేపు కూడా మధ్యలో తెగింది.

సాయంత్రం కావేరి అందరికంటే ముందే వచ్చి కూర్చుంది. హాసినిని పక్కనే కూర్చోబెట్టుకుంది. ఏడాదిగా ఈ కుర్చీలో కూర్చుంటూనే ఉంది. ఇంతకుముందు కూతురిని మాత్రమే చూసేది. ఇవాళ నేలవైపు చూసింది.

వినయ్ కుమార్ మంచివాడే. ముప్పై నిండలేదు. పిల్లల మీద చెయ్యి చేసుకోడు. పిల్ల కమ్మి మీద గాల్లోకి లేచిన క్షణంలో ఆయన అరచెయ్యి దాని నడుము కింద ఉంటుంది. ఆయన చెయ్యి ఉన్నంతసేపూ భయం లేదు. కానీ ఆ చెయ్యి ఒక్క పిల్ల కిందే ఉంటుంది. అదే సమయంలో బీమ్ మీద ఒకతి, గోడకి చేతుల మీద నిలబడి ఒకతి, పరుగెత్తి పిల్లిమొగ్గలు వేస్తూ ఇంకో ముగ్గురు.

పాప అనే పిల్ల పొడుగు కమ్మి పట్టుకుంది. దాని పేరే పాప. రేపల్లె అవతల సముద్రం వైపు పల్లెవాళ్ళు. తల్లి అంకాలమ్మ తెనాలి మార్కెట్లో చేపలమ్ముతుంది. పిల్ల చేతుల్లో బలం చూసి శివరామయ్య ఫీజు లేకుండా చేర్చుకున్నాడు. అందరూ దాన్ని 'ప్రెసిడెంటు గారి సీటు' అంటారు. పాప ఊగింది, పైకి లేచింది, తిరిగింది. పట్టు అందలేదు. నడుము నేలకి కొట్టుకుని చప్పుడైంది. కావేరి కుర్చీలోంచి లేచింది.

పాప రెండు చేతుల్తో పరుపుని ఫెడీమని కొట్టి, "చీమ!" అంది.

గోడౌనంతా ఒక్క గొంతుతో, "చచ్చింది!"

అందరూ నవ్వారు. కుర్చీల్లో తల్లులూ నవ్వారు. పాప లేచి, ఒక్క క్షణం నడుము మీద చెయ్యి వేసుకుని తీసేసి, వరస చివరికి నడిచింది.

"అట్లా అనకపోతే ఏమవుద్ది?" కావేరి కూతుర్ని అడిగింది.

"అనకుండా ఏడిస్తే పిరికిచీమ. పిరికిచీమని పోటీకి తీసుకెళ్ళరు."

పాప చేతులకి తెల్లపొడి రాసుకోవడానికి ఇటు వచ్చింది. "హాసిని ఇవాళ చెయ్యదా అత్తా?"

"చెయ్యదు. మొన్న ఇది పెద్దగా పడిందంట కదా పాపా."

పాప హాసిని ముఖంలోకి చూసింది. తర్వాత పొడి గిన్నెలోకి చూసింది. "రోజూ పడతాంగా."

"నువ్వు చెప్తే నేనేమీ అనను. ఎట్లా పడింది?"

పాప మాటల్తో చెప్పలేదు. తెల్లటి అరచెయ్యి నిలువుగా పెట్టి, వేళ్ళు కిందికి చేసి, గిన్నె అంచు మీద ఆనించి వేళ్ళని వెనక్కి మడిచింది. వేళ్ళు తల. అరచెయ్యి ఒళ్ళు.

"అప్పుడు?"

"లేవలా. కళ్ళు తెరిచే ఉంది. చీమ అనలా. అందుకని మేమే 'చచ్చింది' అన్నాం. పలకలా. మళ్ళీ అన్నాం. అప్పుడు నవ్వింది."

"సారు?"

"చిన్నోళ్ళని పట్టుకున్నాడు బీమ్ కాడ. మేం నవ్వుతుంటే ఆయనా నవ్వాడు. లే లే అన్నాడు."

కావేరి వినయ్ దగ్గరికి వెళ్ళింది. చెయ్యి సంగతి చెప్పింది. ఆయన ముఖంలో రంగు మారడం చూసింది. ఆ రంగు చూశాకే ఆమెకి అసలు భయం పట్టుకుంది.

"నాకు చెప్పలేదేం హాసినీ?" అన్నాడు.

"చెప్పాను సార్. చీమ అన్నాను."

వినయ్ ఈల తాడు వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు. "మెడ పట్టేసి ఉంటదండి. వేడినీళ్ళ కాపడం పెట్టండి. ఆదివారం బాపట్ల పోటీ అయిపోతే వారం రెస్ట్ ఇద్దాం."

"ఆదివారం పంపనండి."

"మేడం, టీములో ఒక్కరు తగ్గినా టీము కింద చూడరు. మిగతా పిల్లలందరూ వెళ్ళీ వెళ్ళనట్టే." ఆయన గొంతు తగ్గించాడు. "మీరే ప్రెసిడెంటు గారితో మాట్లాడండి. నేను మాట్లాడితే వేరే కోచ్‌ని చూసుకుంటారు."

శివరామయ్య అప్పటికే వాళ్ళవైపు వస్తున్నాడు. ఆయన మోహనకృష్ణకి మేనమామ వరస. "ఏంటమ్మాయ్, పిల్ల డీలా పడిందంట? మా చిన్నప్పుడు కొబ్బరిచెట్ల మీంచి పడేవాళ్ళం. ఎవరు చూశారు?" అని హాసిని నెత్తి మీద చెయ్యేసి ఆడించాడు. కావేరి ఆ చెయ్యి పట్టుకుని ఆపాలనుకుంది. పెద్దాయన. ఆపలేదు.

*

శుక్రవారం డాక్టరు హాసినిని కళ్ళు మూసుకోమన్నాడు. దూదితో వేలు వేలూ తాకుతూ ఏ వేలో చెప్పమన్నాడు. కుడిచేతికి పిల్ల టకటకా చెప్పింది. ఎడమచేతికి వచ్చేసరికి నెమ్మదించింది. చిటికెన వేలంది, మధ్య వేలంది. ఈసారి ఆయన దూది తాకించనే లేదు, ఊరికే కూర్చున్నాడు. హాసిని, "ఉంగరం వేలు" అంది.

"ఊహించి చెప్తోంది," అన్నాడు డాక్టరు, తల్లిదండ్రులతో. ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూశాడు. "ఎముకలు బాగానే ఉన్నాయి. కానీ మెడ లోపల నరానికి దెబ్బ తగిలితే దీన్లో కనపడదు. గుంటూరులో స్కాను తీయించండి, ఇవాళే. అది చూసేదాకా గెంతడం, దూకడం కూడదు. ఈ మెడపట్టీ తీయొద్దు."

కారు ఎక్కగానే మోహనకృష్ణ ఫోను చేశాడు. "మామయ్యా, ఎముకలు బాగానే ఉన్నాయంట."

కావేరి మిగతా సగం కోసం ఎదురుచూసింది. ఆయన ఫోను జేబులో పెట్టేశాడు.

"స్కాను?"

"సోమవారం తీయిద్దాం."

"ఇవాళే అన్నాడు. దూకొద్దన్నాడు."

"దూకేది వాల్ట్ బల్ల మీద. ఆ పోటీలోంచి పేరు తీసేయిస్తా. కమ్మి మీద దూకుడేముంది, ఊగుడేగా."

వెనకసీట్లో హాసిని, "అవునమ్మా, ఊగుడే," అంది. మెడపట్టీలో గడ్డం ఇరుక్కుని మాట నలిగి వచ్చింది.

రైలుగేటు పడి ఉంది. రేపల్లె బండి రావాలి. ఎరువుల కొట్లో ఎంతటి రైతునైనా మాటల్తో కూర్చోబెట్టగల మోహనకృష్ణ స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి గేటునే చూస్తున్నాడు. పిల్లకి వినపడకుండా గొంతు తగ్గించి అన్నాడు.

"నాకు మాత్రం భయం లేదనుకుంటున్నావా? స్కానులో ఏదన్నా ఉంటే ఇంక అది ఉన్నట్టే. రెండ్రోజులు లేనట్టు ఉండనీ."

కావేరి బదులు చెప్పలేదు. చెప్పకపోవడమే ఒప్పుకోవడమని ఆమెకి తెలుసు. బండి వచ్చింది, పోయింది, గేటు లేచింది. కారు గుంటూరు వైపు తిరగలేదు.

శనివారం అత్తగారు సుశీల వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తూ, "కొల్లిపరలో ఒకాయన ఉన్నాడు, గడ్డం పట్టుకుని ఒక్క తిప్పు తిప్పితే సర్దుకుంటదంట," అంది.

"ఆ మెడ ఎవరూ ముట్టుకోవద్దత్తయ్యా."

"ముట్టుకోకూడని మెడని రేపు ఇనపకమ్మికి ఎట్లా వేలాడదీస్తావమ్మా?"

సుశీల వెక్కిరింతకే అంది. అని చిక్కుళ్ళలో పడిపోయింది.

సాయంత్రం గదిలోకి వెళ్తే హాసిని మంచం పట్టె పట్టుకుని నిలబడి ఉంది. ఎడమచేతివైపే రెప్పవేయకుండా చూస్తోంది. తల్లిని చూసి సంబరంగా అంది. "అమ్మా, కిటుకు కనిపెట్టా. చూస్తే పట్టుకుంటది. చూడకపోతేనే వదిలేస్తది."

"ఏదీ, చూడకుండా పట్టుకో."

హాసిని చూపు కిటికీవైపు తిప్పింది. వేళ్ళు ఒక్కొక్కటే మంచం పట్టె మీంచి జారాయి, నిద్రపోతున్న పిల్ల వేళ్ళలా.

"చూస్తూ చేస్తాలే," అంది.

పొడుగు కమ్మి మీద ఒళ్ళు గిర్రున తిరిగేటప్పుడు కళ్ళ ముందు పైకప్పు ఉంటుంది, తర్వాత గోడ, తర్వాత నేల. చేతులు కనపడవు. ఏడాదిగా చూస్తున్న కావేరికి అది తెలుసు. తెలిసీ, ఆ రాత్రి పోటీ డ్రస్సుకి ఇస్త్రీ చేసింది. ఇస్త్రీ చేస్తూ అనుకుంది, పొద్దున్నే ఎవరో ఒకరు వద్దంటారని. మోహనకృష్ణ అంటాడని. వినయ్ అంటాడని. ఆ ఎవరో ఒకరు తనే కావచ్చని మాత్రం అనుకోలేదు.

*

బాపట్లలో ఒక కాలేజీ ఇండోరు హాలు. కిటికీల్లోంచి ఉప్పుగాలి కొడుతోంది. కారు ఆపగానే మోహనకృష్ణ వెనక్కి వంగి మెడపట్టీ లాగాడు. చర్రుమని ఊడింది. "ఇది ఉంటే లోపలికి రానివ్వరు," అన్నాడు. పట్టీ సీటు మీద, మెడ ఆకారంలోనే, గుండ్రంగా పడుంది.

గ్యాలరీ మెట్ల మీద అంకాలమ్మ ముందే వచ్చి కూర్చుంది. పొద్దున రేపల్లెలో బస్సెక్కి వచ్చింది. ఒళ్ళో టిఫిన్ క్యారేజీ. కావేరిని చూసి పక్కకి జరిగి చోటిచ్చింది. మనిషికీ మనిషికీ మధ్య జాగా మిగిల్చి మరీ.

"మీ అమ్మాయికి బాలేదంట కదండి."

"మెడ పట్టేసింది." వినయ్ మాటే కావేరి నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చేసింది.

"మా పాప చెప్పింది." అంకాలమ్మ క్యారేజీ మూత మీద వేలితో రాస్తూ కూర్చుంది. "దానికీ నడుం బాలేదండి. కింద కూర్చుంటే చెయ్యూని లేస్తంది, ముసల్దాన్లాగా. అడిగితే చీమంటది. మీరొక మాట అడగండమ్మా ఆ సారుని. నేనడిగితే సీటు పోద్ది. మీరడిగితే ఏం పోద్ది?"

కావేరి ఏదో అనబోయింది. మైకులో, "హాసిని, తెనాలి," అన్నారు.

హాసిని కమ్ముల ముందుకి నడిచింది. పోటీలో పిల్ల ముందుగా జడ్జి వైపు తిరిగి రెండు చేతులూ చెవులకి తగిలేలా పైకెత్తాలి. అదే దణ్ణం. జడ్జి జెండా ఊపితే కమ్మి పట్టుకోవాలి. హాసిని నవ్వుతూ చేతులెత్తింది. కుడిచెయ్యి నిటారుగా పైకి వెళ్ళింది. ఎడమచెయ్యి భుజం దాకా వచ్చి ఆగింది.

బల్ల వెనక జడ్జి చంద్రకళ, నడివయసు మనిషి, కాస్త ఆగి చూసింది. చేత్తో 'ఇంకా పైకి' అని సైగ చేసింది. హాసిని ఎడమచేతివైపు చూసింది. కళ్ళతో దాన్ని ఎత్తుతున్నట్టు చూసింది. చెయ్యి వణికింది, పైకి రాలేదు. పిల్ల తెలివిగా ఒళ్ళంతా కుడివైపుకి వంచింది. అప్పుడు ఎడమచెయ్యి కాస్త ఎత్తుగా కనపడింది. వినయ్ తల దించుకుని చేతులకి పొడి రాసుకుంటున్నాడు. అప్పటికే తెల్లగా ఉన్న చేతులకి మళ్ళీ రాసుకుంటున్నాడు. జెండా పైకి లేస్తోంది.

కావేరి మెట్లు దిగింది. దిగుతున్నట్టు ఆమెకి తెలియలేదు. మోహనకృష్ణ మోచెయ్యి పట్టుకుని, "నలుగుర్లో ఏంటిది," అన్నాడు. చెయ్యి విదిలించుకుంది. చెప్పులతోనే పరుపు మీదికి వెళ్ళింది.

"అమ్మా, మీరు లోపలికి రాకూడదు," అంది చంద్రకళ.

"తెలుసండి."

"అమ్మా పో," హాసిని పళ్ళ మధ్యనుంచి అంది. "నా టర్న్. అందరూ చూస్తున్నారు, పో."

కావేరి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తన వేలు ఆ ఎడమ పిడికిట్లో పెట్టింది. "కళ్ళు మూసుకో. నా వేలు గట్టిగా పట్టుకో. పట్టుకున్నావా?"

"ఆఁ."

కావేరి వేలు లాగేసింది. చెయ్యి వెనక్కి పెట్టుకుంది. "ఇప్పుడు?"

"పట్టుకునే ఉన్నాగా. చెప్పు, వెళ్ళనా?"

జెండా బల్ల మీద పడింది. చంద్రకళ బల్ల చుట్టూ తిరిగి రాలేదు, కాగితాలు తోసేసి మీదుగానే వచ్చింది. పిల్లని వెల్లకిలా పడుకోబెట్టించింది. రెండువైపులా తువ్వాళ్ళు చుట్టి పెట్టి, "మెడ కదలకూడదు. ఎవరైనా నూట ఎనిమిదికి ఫోన్ చేయండి," అంది. తర్వాత వినయ్ వైపు తిరిగింది. "ఎప్పుడు పడింది ఈ పిల్ల?"

"మాకెవరూ చెప్పలేదు మేడం," అన్నాడు శివరామయ్య, వినయ్ నోరు తెరవకముందే. "ఎవరికీ ఏమీ కాలేదు. పిల్లల్ని అడగండి కావాలంటే. చెప్పండమ్మా, ఎవరికన్నా నొప్పులున్నాయా?"

తెనాలి పిల్లలు గోడవారన వరసలో ఉన్నారు. అందరూ అడ్డంగా తలలూపారు. పాప అందరికంటే గట్టిగా ఊపింది.

కావేరి వాళ్ళవైపు తిరిగింది. "అది కాదర్రా. చీమలు ఎక్కడెక్కడ చచ్చాయి? చూపించండి."

ముందు ఒకతి కిసుక్కున నవ్వింది. నవ్వుతూనే మణికట్టు చూపించింది. పక్కపిల్ల మోకాలు చూపించింది. ఇంకొకతి మడమ. ఇంకొకతి రెండు మణికట్లూ ఎత్తి, ఒకదాని తర్వాత ఒకటి చూపించి, వంగి కాలివేలు కూడా చూపించింది. వాళ్ళకి అది ఆట. చివరి చిన్నపిల్ల ఎక్కడ చూపించాలో తెలియక రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుంది. పాప కదల్లేదు. గ్యాలరీలో తల్లివైపు చూసింది. తర్వాత చెయ్యి వెనక్కి పోనిచ్చి నడుము కింద ఆనించింది. హాల్లో నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"ఈ చీమ ఏంటి?" అంది చంద్రకళ. "పిల్లలకి ఈ మాట నేర్పిందెవరు?"

కావేరి వినయ్ కుమార్ వైపు వేలు చూపించింది. నోట్లో మాట సిద్ధంగా ఉంది.

కింద పడుకున్న హాసిని పైకప్పు చూస్తూ, గొప్పగా అంది. "మా అమ్మే. ఫస్ట్ రోజు బీమ్ మీంచి పడి ఏడిస్తే మా అమ్మ కుర్చీలోంచి అంది. అందరూ నవ్వారు. సార్ కూడా బాగుందన్నారు. అప్పట్నుంచి మా క్లబ్బులో అదే."

కావేరి వేలు గాల్లో ఉంది. దాన్ని ఎటు తిప్పాలో ఆమెకి తెలియలేదు. మెల్లగా దించుకుంది. వినయ్ ఆమెని చూడలేదు. ఆమె వినయ్‌ని చూడలేదు.

బయట అంబులెన్సు చప్పుడు వినపడింది. శివరామయ్య మైకు బల్ల దగ్గరికి వంగి ఏదో అన్నాడు. ఏమన్నాడో అందరికీ వినపడింది, మైకు ఆపి లేదు. "అన్ని ఊళ్ళవాళ్ళూ వచ్చారు, ఆపితే బాగోదు. ఈలోగా మిగతావాళ్ళవి కానిచ్చేద్దాం."

మైకతను కాగితం చూశాడు. "నెక్స్ట్, పాప, తెనాలి."

పాప నడుము మీంచి చెయ్యి తీసేసింది. పొడి గిన్నె దగ్గరికి నడిచింది. ఎవరూ నెట్టలేదు. పేరు పిలిస్తే వెళ్ళడం తప్ప దానికి ఇంకోటి తెలియదు. స్ట్రెచర్ లోపలికి వచ్చింది. హాసినిని తువ్వాళ్ళతో సహా ఎత్తుతున్నారు. కావేరి ఆ స్ట్రెచర్ వైపు ఒక అడుగు వేసింది, పాప వైపు ఒక అడుగు వేసింది. ఎటూ వెళ్ళలేక నిలబడిపోయింది.

అంకాలమ్మ మెట్లు దిగి వచ్చింది. శివరామయ్య ఆమెని చూసి, "నువ్వెక్కడికి? పైన కూర్చో," అన్నాడు. ఆమె ఆయన ముందునుంచే నడిచి, పొడుగు కమ్మి కింద, సరిగ్గా పిల్లలు వచ్చి పడేచోట బాసింపట్టు వేసుకుని కూర్చుంది. క్యారేజీ పక్కన పెట్టుకుంది.

"నువ్వు పోయిరా కావేరీ," అంది. మీరు అనలేదు, అండి అనలేదు. "పిల్లని చూసుకో. ఇక్కడ నేనుంటా."

కావేరి పరుగెత్తింది. మోహనకృష్ణ ఆమె వెనకే పరుగెత్తాడు. అంబులెన్సు తలుపు మూసుకున్న చప్పుడు హాల్లోకి వినపడింది.

"ఏంటిది అంకాలమ్మా," శివరామయ్య నవ్వు ముఖంతో దగ్గరికొచ్చాడు. "నీ పిల్ల బంగారం లాంటి పిల్ల. చేతులారా దాని సీటు పోగొట్టుకుంటావా?"

"తీసేసుకోండి."

ఆయన నవ్వు ముఖం మీదే ఉంది, కళ్ళలో లేదు. అంకాలమ్మ కమ్మి నిలువు కడ్డీని రెండు చేతుల్తో వాటేసుకుంది. మైకువైపు తిరిగింది.

"బాబూ, ఆ పేరు మళ్ళీ పిలవమాక. ఏ పేరూ పిలవమాక. నొప్పి చూపించిన పిల్లలున్నారే, అందర్నీ వరసబెట్టి డాక్టరు చూడాలి. చూపించని పిల్లల్ని కూడా చూడాలి. కింద పట్టుకునే మనుషుల్ని తెండి, మెత్తటి పరుపులు తెండి, అప్పుడు పిలుద్దువుగాని. నొప్పని చెప్పిన పిల్ల సీటు పోదని ఆ మైకులోనే చెప్పండి, అందరూ వినేట్టు. అందాకా ఈ కమ్మి కింద నేనుంటా. ఏ పిల్లన్నా పడితే నా మీదే పడాల."

గ్యాలరీలో ఒక్కరూ కదల్లేదు. ఎత్తి పట్టుకున్న ఫోన్లు ఎత్తినట్టే ఉన్నాయి, ఆమె వైపు తిరిగి.

"ఏంటట్టా చూస్తారు?" అంకాలమ్మ వాళ్ళందర్నీ చూస్తూ అంది. "బొమ్మలు తీసింది చాలు. ఆ ఫోన్లతోనే డాక్టర్ని పిలవండి. ఇప్పుడే పిలవండి."